ఎవరి రొట్టె ఎవరింటికో

ఉమ్ మిల్హెమ్ బట్టీలో కాలిన రొట్టె ఏనాడూ ఎవరిది వాళ్ళింటికి చేరి ఎరగదు. ముప్పయ్యేళ్ళుగా మా కొండ ఊరి వాళ్ళందరం పక్కింటివాళ్ళ రొట్టె తినే బతుకుతున్నాం.

ప్రతి శనివారం పొద్దున, ఒక్కోసారి వేరే రోజుల్లోనూ, ఇంటింటి ఆడవాళ్ళూ కీమానో, జున్నో, నువ్వులు కలిపిన జాతర్ ఆకు పొడో పళ్ళెంలో సర్ది ఆమెకు పంపుతారు. ఆమె పిండి ఒత్తి, దానిమీద అది పరిచి కాలుస్తుంది. ఆమె భర్త ఆ పళ్ళేలను మూడు చక్రాల బండి మీద పెట్టుకుని, ఆమె ఏ ఇల్లు చెబితే ఆ ఇంటికి ఎదురు చెప్పకుండా చేరుస్తాడు.

కాల్చే ముందు ఆమె ప్రతి పిండి ముద్ద మీదా వేలితో సిలువ గుర్తు వేస్తుంది. కళ్ళు మూసుకుని మరియమ్మకు ఒక మంగళవార్త జపం చెబుతుంది. కళ్ళు తెరిచేసరికి పళ్ళెం ఎవరిదో మరిచిపోతుంది.

"ఒక చీటీ అంటించకూడదా?" అని ఓసారి అడిగాను.

"కాగితం కాలిపోతుంది నాయనా."

"పోనీ పళ్ళెం అడుగున సుద్దతో రాయండి."

"నాకు చదువు రాదు."

"మరి ప్రార్థన పుస్తకం చదువుతారుగా!"

"అది దేవుడు చదివిస్తాడు. నీ పేరు చదివించడానికి ఆయనకేం పట్టింది?"

ఒకసారి తపస్సు కాలంలో, అదీ మాంసం ముట్టకూడని శుక్రవారం నాడు, మా చర్చి గురువుగారు అబూనా ఆంతూన్ ఆకు పొడి రొట్టె కోసం పళ్ళెం పంపారు. తిరిగొచ్చిన పళ్ళెం మీద గుడ్డ తీస్తే నెయ్యి కారుతున్న కీమా! ఆయన ఆ పళ్ళెం పట్టుకుని ఊరంతా తిరిగారు. చివరికి గుడి పాటల బృందం పెద్ద ఫర్జల్లా, గురువుగారి ఆకు పొడి రొట్టెను ఏడుపు మొహంతో నములుతూ తన ఇంట్లో కనిపించాడు.

"ఇదిగో నీ పాపం, ఇంకా వేడిగానే ఉంది. నా పుణ్యం నాకిచ్చెయ్!" అన్నారట గురువుగారు.

ఆ కోపంలోనే బట్టీకి వెళ్ళి, "వారం మధ్యలో ఒక్కనాడైనా పూజకు రావేం తల్లీ? వస్తే కాస్త బుద్ధి నిలకడగా ఉంటుంది" అని ఆమెను మందలించారు.

"నేనొస్తే పొయ్యి ఆరిపోతుంది అబూనా. అందుకే ప్రభువునే ఇక్కడికి రమ్మన్నాను. రోజూ వస్తున్నాడు. ఆ పిండి బస్తా మీద కూర్చుంటాడు."

గురువుగారు బస్తా వంక చూశారు. దానిమీద పెట్టబోయిన చెయ్యి వెనక్కి తీసుకుని, నమస్కారం పెట్టాలో వద్దో తేల్చుకోలేక అలాగే బయటికి వచ్చేశారు.

ఇక నా సంగతి. నేను మంగలిని. పేరు నస్రీ. కింద వాటాలో నేనూ, మేడ మీద మా అన్న ఇస్కందర్. మార్ ఇలియాస్ పునీతుడి పండగనాడు గుడిగంట ఎవరు కొట్టాలన్నదాని మీద ఇద్దరం చెరో పక్కా తాడు లాగాం. తాడు తెగింది. ఊరందరి ముందూ అన్న వచ్చి నా మీద పడ్డాడు. తప్పు నాదని ఆయనా, బరువు ఆయనదని నేనూ. ఆ రోజుతో మాటలు బంద్.

సరిగ్గా ఆ వారం నుంచే నా పళ్ళెం మేడమీదికీ, అన్న పళ్ళెం నా ఇంటికీ రావడం మొదలైంది. ఒక్క శనివారం కూడా తప్పలేదు. మా వదిన మేడమీంచి తాడుతో బుట్ట దించేది. అందులో నా పళ్ళెం ఉండేది. మా ఆవిడ నజ్లా అది తీసుకుని వాళ్ళది పెట్టేది. బుట్ట పైకి పోయేది. ఎవరూ నోరు విప్పేవాళ్ళు కాదు. అలా రెండేళ్ళు.

ఇంతలో అన్న మేడ అమ్మేసి వేరే ఊరు పోతున్నాడని తెలిసింది. 'పోతే పోనీ' అని పైకి అన్నాను గానీ, ఆ వారం కొట్టులో ఇద్దరు గిరాకీల గడ్డాలకు కత్తిగాట్లు పెట్టాను.

ఆ శనివారం బుట్ట ఖాళీగా దిగింది. చాలాసేపు చూశాను. ఇక ఆగలేక పైకి అరిచాను.

"నా రొట్టె ఏదీ?"

"తినేశాను!" పైనుంచి అన్న గొంతు.

"అది నాది!"

"కీమాలో దానిమ్మ పులుసు ఎక్కువైంది. అమ్మ ఇంత వేసేది కాదు."

"అమ్మ ఇంతే వేసేది! నీకేం గుర్తుంది?"

"నాకా? పెద్దవాణ్ణి నేనా నువ్వా? పైకి రారా, చెబుతాను!"

కొట్టడానికే మెట్లెక్కాను. వెళ్ళేసరికి వదిన నాకూ కంచం పెట్టేసి ఉంది. పులుసు గురించి మధ్యాహ్నం దాకా వాదించుకున్నాం. మధ్యలో మేడ కొనడానికి ఎవరో వస్తే అన్న ఆయన నోట్లో ముక్క కుక్కి, "నువ్వు చెప్పవయ్యా, ఎక్కువైందా లేదా?" అని నిలదీశాడు. ఆయన మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, నమలడం కూడా పూర్తి చెయ్యకుండా వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. మేడ అమ్మకమూ ఆగిపోయింది.

మరుసటి శనివారం నేనే బట్టీకి వెళ్ళాను.

"నిజం చెప్పండి, ఉమ్ మిల్హెమ్. కావాలనే మార్చారు కదూ?"

ఆమె తెల్లబోయింది. "మార్చడమేంటి? ఎవరికోసం ప్రార్థిస్తే వాళ్ళింటికే పంపుతాను."

"నా పళ్ళెం పెట్టేటప్పుడు నా కోసం ప్రార్థించాలి కదా?"

"నీ కోసమే మొదలుపెడతాను. 'మరియమ్మ తల్లీ, ఈ నస్రీకి ఏం తక్కువైందో అది ఇయ్యి' అంటాను. వెంటనే మీ అన్న మొహం కనబడుతుంది. మిగతా జపమంతా వాడి మీదికి పోతుంది. కళ్ళు తెరిస్తే పళ్ళెం వాడిదే అనిపిస్తుంది. నేనేం చెయ్యను?"

"తప్పని తెలీదా?"

"పిండి ఎలా పొంగుతుందో కూడా నాకు తెలీదు నాయనా. పిసికి, గుడ్డ కప్పి, ఆయనకు వదిలేస్తాను. ఇదీ అంతే."

ఆమె మొహంలో కనిపించింది అమాయకత్వమో గడుసుతనమో పొయ్యి సెగలో నాకు అంతుపట్టలేదు. "ఇదిగో, నీది నువ్వే పట్టుకుపో" అని ఓ పళ్ళెం చేతిలో పెట్టింది.

బయటికొచ్చి గుడ్డ తీశాను. ఉల్లిపాయ, జున్ను. నాది కాదు. ఆ ఎర్ర అంచు పళ్ళెం జిర్యీస్‌ది; ముందురోజే అతను కడుగుతుంటే చూశాను. నా కొట్టుకు ఎదురుగా కొత్తగా మంగలి కొట్టు పెట్టిన కుర్రాడు. వచ్చి నెల్లాళ్ళయినా ఒక్కసారి పలకరించలేదు నేను.

ఏం చెప్పాలో తెలీకుండానే వీధి దాటాను. లోపల నా పాత గిరాకీ ఒకాయన మొహం నిండా నురగతో కూర్చుని ఏదో నములుతున్నాడు. బల్ల మీద నా పళ్ళెం, సగం ఖాళీ.

జిర్యీస్ కత్తి కిందపెట్టి గబగబా లేచాడు. "రండి నస్రీగారూ! మీరు రొట్టె పంపారని బట్టీ బండి పెద్దాయన ఇచ్చి వెళ్ళాడు. కొత్తవాణ్ణని ఇంత ప్రేమగా పంపింది మీరొక్కరే. బదులుగా ఏం పంపాలా అని పొద్దుట్నుంచీ తికమకపడుతున్నాను."

నేను చేతిలోని పళ్ళెం వంకా, అతని వంకా చూశాను.

"అవును, నేనే పంపాను" అన్నాను. "కాస్త జరుగు, కూర్చుంటా."