ఏడు సంతల దేశం

డుంబ్రిగుడ మండలంలో ఒక ఆడపిల్లల హాస్టల్లో సుజానా పన్నెండేళ్ళుగా నర్సు. జ్వరాలకు మాత్రలిచ్చి, గజ్జికి మందు రాసి, రిజిస్టర్లో సంతకం పెట్టడం ఆమె ఉద్యోగం. అది అందరికీ తెలిసిన సంగతి. ఎవరికీ తెలియనిదేమిటంటే, పాత రిజిస్టర్ల వెనక మిగిలిన ఖాళీ పేజీల్లో ఆమె ఎదిగే పిల్లల కోసం ఒక మాయల నవల రాస్తోంది. సుజానా వాళ్ళ నాన్న అనకాపల్లి దగ్గర మిషన్ చర్చిలో పాస్టరు. ఆయన ప్రసంగం సాగుతున్నంతసేపూ ఈ కూతురు పాటల పుస్తకం అట్ట మీద రాక్షసుల బొమ్మలు వేసేదట. మనిషి పెద్దదైంది గాని ఆ బుద్ధి పోలేదు.

మొదటి నలభై పేజీలు చదివితే నవ్వొస్తుంది. అన్నీ మంచుకోటలు, తెల్లగుర్రాలు, వెండికత్తులు. ఇన్నేళ్ళు కొండల మధ్య ఉండి ఒక్క కొండనైనా ఆమె కాగితం మీదికి రానివ్వలేదు. కథంటే ఎక్కడో దూరాన జరగాలని ఆమె గట్టి నమ్మకం.

ఆ నమ్మకాన్ని పాడుచేసింది కనక. తొమ్మిదో తరగతి పిల్ల. సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు. ఒళ్ళు నొప్పులు మొదలైతే వారమేసి రోజులు సిక్ రూములో కిటికీ పక్క మంచం మీదే ఉండేది. ఒకరోజు మాత్ర వేసుకోనని మొండికేస్తే, మరిపిద్దామని సుజానా రిజిస్టర్ తీసి చదివింది. పిల్ల కళ్ళు మూసుకుని అంతా విన్నది.

"సిస్టరమ్మా, నువ్వు మంచుకోట సూసినావేటి?"

"లేదు."

"మరేటి తెలిసి రాత్తన్నావు? ఆ గుర్రాలు మా కొండెక్కితే కాళ్ళిరిగిపోవా? సూసింది రాయొచ్చుగా. సంత రాయి."

సుజానాకు ఒళ్ళు మండింది. నలభై పేజీలు మరి! రెండు రోజులు ఆ పిల్లతో మాత్రల మాట తప్ప మరో మాట లేదు. మూడోరోజు ఊళ్ళో సంత. పొద్దున్నే పొగమంచులోంచి కావిళ్ళతో, కొండచీపుళ్ళతో మనుషులు ఒక్కొక్కరే బయటపడుతుంటే కిటికీ దగ్గర నిలబడి చూసింది. సాయంత్రం మళ్ళీ చూస్తే అక్కడ చిరిగిన అడ్డాకులు తప్ప ఏమీ లేవు. పన్నెండేళ్ళుగా చూస్తున్నదే అయినా ఆ రోజు అదే ఒక మాయలా కనిపించింది. నలభై పేజీలూ పక్కన పెట్టేసి కనక మంచం పక్కకు కుర్చీ లాక్కుంది.

అలా పుట్టింది ఏడు సంతల దేశం. అక్కడ వారానికి ఏడు సంతలు, ఒక్కో సంతకు ఒక్కో దారి. సంత ఉన్న రోజే దారి ఉంటుంది, ఎత్తేస్తే దారి కూడా మాయమవుతుంది. డబ్బు చెల్లదు. ఏం కావాలన్నా మనలోంచి ఒకటి ఇవ్వాలి: ఒక నవ్వో, ఒక రోజు గొంతో. అన్నిటికన్నా పైన చనిపోయినవాళ్ళ కొండ. మిరియ అనే పిల్ల పొరపాటున ఆ కొండ మీదికి వెళ్ళిపోతుంది. ఏడు సంతలూ దాటి అమ్మ దగ్గరికి తిరిగి రావడమే కథ. సుజానా రాసేది, కనక తప్పులు పట్టేది. మిరియ అమ్మకు పేరు పెట్టలేదేమని కూడా అడిగింది.

"అమ్మకు పేరెందుకులే, అమ్మ అంటే చాలదూ?" అంది సుజానా.

ఇద్దరికీ అసలు గొడవ చివరి సంత దగ్గర వచ్చింది. ఆ కొండ దిగాలంటే గుర్తున్నవన్నీ అక్కడ ఇచ్చేసి రావాలని కనక రూలు పెట్టింది.

"ఇంటికొచ్చి అమ్మనే గుర్తుపట్టకపోతే ఎలాగే? చదివే పిల్లలు ఏడుస్తారు."

"ఏడవనీ. గురుతులట్టుకుని వచ్చీస్తే అది సచ్చినట్టేటి? ఊరెళ్ళొచ్చినట్టు గాదా?" ఆ పిల్ల తన మాట మీదే ఉంది. "మా ఇంట్లో పసిగుంట పుడితే నీళ్ళలో గింజలేసి, పోయినోళ్ళ పేర్లు సెబుతారు. ఏ పేరుకి రెండు గింజలు కలిత్తే ఆళ్ళే మల్లీ పుట్టి వచ్చినట్టు. నానైతే మా నాయినమ్మకి అత్తనంట. నాకేటి గురుతుంది? ఏటీ లేదు. ముసిల్ది మాత్రం నన్ను తిట్టడానికి ఇప్పటికీ బయపడతాది."

ఇద్దరూ పగలబడి నవ్వారు. రూలు అలాగే ఉండిపోయింది.

ఆగస్టులో నొప్పి ఛాతీకి పాకింది. అంబులెన్సు అనంతగిరి మలుపులు దిగుతుంటే సుజానా ఆ పిల్ల చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఆక్సిజన్ మాస్కు పక్కకు తోసి కనక అడిగింది, "ఆకరిది రాసీసినావా?"

"నువ్వు తిరిగొచ్చాక ఇద్దరం రాద్దాం."

"గురుతుపట్టినట్టు మాత్రం రాసీకు."

కొండ దిగింది గాని కనక మళ్ళీ ఎక్కలేదు. ఆస్పత్రిలో మూడోరోజు పోయింది. పదిహేనేళ్ళు కూడా నిండలేదు. కిటికీ పక్క మంచం మీద వేరే పిల్లను పడుకోబెట్టడానికి సుజానాకు నెల పట్టింది.

విశాఖపట్నంలో పిల్లల పుస్తకాలు వేసే లక్ష్మీప్రసాద్ చివరి అధ్యాయం తప్ప అంతా చదివాడు. బాగా నచ్చిందన్నాడు. ముగింపు ఏమిటో విన్నాక మాత్రం, "అంత దూరం నడిపించి గుమ్మంలో పరాయిదాన్ని చేస్తారా అమ్మా? గుర్తుపట్టించండి, వేసేద్దాం" అన్నాడు.

సుజానా సరేనంది. ఆమెకూ అదే కావాలి. పరలోకంలో ఒకరినొకరం గుర్తుపడతామని వాళ్ళ నాన్న ప్రతి సమాధి దగ్గరా చెప్పేవాడు. ఆ మాట నిజం కాకపోతే ఆమె తట్టుకోలేదు. మిరియ "అమ్మా" అంటూ పరిగెత్తుకొచ్చినట్టు ఒక పేజీ రాసి, మర్నాడు పంపిద్దామని సంచిలో పెట్టుకుంది.

ఆ సాయంత్రమే కనక అన్న సోంబరు వచ్చాడు. కూతురు పుట్టిందట, రేపు పేరు పెడతారట. పాస్టరు కూతురు గింజలను నమ్మకూడదు. మర్యాదకే వెళ్తున్నానని తనకు తానే చెప్పుకుంటూ, తెల్లారగానే కొండ ఎక్కింది.

కనక ముసలి నాయనమ్మ బుద్రి ఆకుదొప్పలో నీళ్ళు పోసి, ఒక్కో పేరూ చెబుతూ బియ్యపు గింజలు వేసింది. మొదటి పేరుకు కలవలేదు. రెండో పేరుకూ అంతే. మూడోసారి ఆమె గొంతు తగ్గింది.

"కనక."

రెండు గింజలు మెల్లగా జరిగి ఒకదానికొకటి ఆనుకున్నాయి.

సుజానా ఆగలేకపోయింది. పిల్లను ఒళ్ళోకి తీసుకుని "కనకా, కనకా" అని పిలిచింది. ఆ పసిది కళ్ళు విప్పి ఆమెను చూసింది. మరుక్షణం మొహం చిట్లించి గుక్కపట్టి ఏడుస్తూ తల్లివైపు తిరిగిపోయింది. అంతమంది ముందు సుజానా కూడా వెక్కివెక్కి ఏడ్చింది.

"దేనికలా ఏడుత్తన్నావమ్మా? అది వచ్చీసింది గదా," అంది బుద్రి. "దానికి నువ్వు తెల్దు, అంతే. నానూ తెల్దు. ఓపాలి నాకు అత్త, ఓపాలి మనవరాలు, ఇపుడిదిగో మునిమనవరాలు. పెతిసారీ నానే ముందు నా పేరు సెప్పుకుంటాను."

ఆమె పసిదాని మీదికి వంగి, "నాను బుద్రినే, నీ కోడల్ని," అంది.

దిగేటప్పుడు దారిలో ఒక కాఫీ తోట గట్టు మీద కూర్చుని సుజానా సంచిలోని పేజీని చించేసింది. ముగింపు మార్చనని ఫోన్ చేస్తే లక్ష్మీప్రసాద్ క్షమించమన్నాడు. పుస్తకం అచ్చు కాలేదు. రిజిస్టర్లు సిక్ రూము అలమారలోనే ఉన్నాయి. జ్వరం వచ్చిన పిల్లలు చదువుతారు, చివర్లో ఏడుస్తారు. సుజానా వాళ్ళను ఏడవనిస్తుంది.

ఆమె మళ్ళీ రాసిన ఆ చివరి పేజీలో మిరియ గుమ్మంలో నిలబడి, "ఎవరు నువ్వు?" అని అడుగుతుంది. అమ్మ ఆ పిల్లను ముట్టుకోదు. చెంబుతో మంచినీళ్ళిచ్చి, తాగేదాకా ఆగి, అప్పుడు చెబుతుంది.

"నా పేరు సుజానా."