సీదా అంటే ఎటు?

మా బావకు ఆదివారం అంటే రెండే పనులు. పొద్దున చర్చిలో ఆరాధన, ఆ తర్వాత కిష్టారెడ్డిపేటలో మా డాబా మీది రేకుల గది. ఆ గదిలో ఇనుప కడ్డీని బిగించి తిప్పుతూ చెక్కే చిన్న లేత్ మెషిన్ ఉంది. పటాన్‌చెరులో ఏదో వర్క్‌షాప్ మూసేసి సామాను పాత ఇనుము కింద అమ్ముతుంటే ఇద్దరం కలిసి కొన్నాం. దాన్ని మేడ ఎక్కించిన రోజు నా భార్య నాతో మాట్లాడలేదు. బావ అంటే మా అక్క భర్త. ఇద్దరం ఒకే ఫ్యాక్టరీ టూల్‌రూమ్‌లో పనిచేసి రిటైరయ్యాం. ఆయన మొండి మనిషి, నాకు ముక్కు మీద కోపం. ఇన్నేళ్లు ఎలా కలిసున్నామో మా అక్కకే తెలియాలి.

ఆ గదిలో మేం చేసేవి అరచేతిలో పట్టే ఇంజన్లు. పెట్రోలు పోస్తే నిజంగానే నడుస్తాయి. ఏ బండికీ పనికిరావు, ఎవరూ కొనరు. "గివి దేనికి?" అని అక్క అడిగితే, "నడవనీకి" అంటాడు బావ. అంతకంటే మంచి జవాబు నాకూ దొరకలేదు.

పోయినేడు షుగర్ ఆయన కళ్ల మీద పడింది. డాక్టర్ కంట్లో సూదులు వేశాడు. ఉన్న చూపు ఎన్నాళ్లు నిలుస్తుందో చెప్పలేమని, పోయింది మాత్రం తిరిగి రాదని అన్నాడు. ఆ మాట విన్నాక వచ్చిన ఆదివారమే బావ, సగంలో వదిలేసిన ఇంజన్‌ను బల్ల మీద పెట్టించాడు.

"క్యామ్‌షాఫ్ట్ ఒక్కటే మిగిలింది. అది నా చేత్తోనే చేస్త. కండ్లు ఉండంగనే ఇది తిరుగుతుంటే సూడాలె."

"నేను చేసిస్త బావా. నువ్వు పక్కన కూసో."

"నువ్వు చేస్తే నీ ఇంజన్ అయితది రా."

ఆయన ఒకసారి అలా అన్నాక వాదించి లాభం లేదు.

క్యామ్‌షాఫ్ట్ అంటే చిటికెన వేలంత లావు కూడా లేని ఇనుప కడ్డీ. దాని మీద కోడిగుడ్డు ఆకారంలో రెండు బుడిపెలు. కడ్డీ తిరుగుతుంటే ఒక బుడిపె పొగ బయటికి పోయే వాల్వును ఎత్తుతుంది, రెండోది పెట్రోలు కలిసిన గాలి లోపలికి వచ్చే వాల్వును ఎత్తుతుంది. ముందు పొగ పోవాలి, దాని వెనకే కొత్త గాలి రావాలి. ఆ వరస తప్పితే అది ఇంజన్ కాదు, కాగితాలు ఎగిరిపోకుండా పెట్టుకునే బరువు. ఆ బుడిపెలు తీయడానికి మాకు ఆకురాయే గతి. కడ్డీని లేత్‌లో బిగించి, కొన్ని డిగ్రీలు తిప్పి, ఆపి, గీయాలి. మళ్లీ కొంచెం తిప్పాలి, మళ్లీ గీయాలి. ఆకురాయి ఎక్కువ లోతు దిగకుండా కింద రెండు రోలర్లు అడ్డం ఉంటాయి. రోలర్లకు తగలగానే చేతికి తెలిసిపోతుంది కాబట్టి, చూపు మసకైనా బావ గీయగలిగాడు. అంకెలు చదవడమే ఆయన వల్ల కాలేదు. డిగ్రీల పలక లేత్‌కు ఎడమ కొసన ఉంటుంది. అక్కడ భూతద్దం పట్టుకొని నేను, కుడి కొసన ఆకురాయి పట్టుకొని బావ.

ఆదివారాలు అలా గడిచాయి. నేను అంకె చూసి పలక తిప్పి బిగించేవాణ్ణి, ఆయన గీసేవాడు. గడ్డపోతారం వైపు నుంచి గాలి మళ్లితే మందుల ఫ్యాక్టరీల వాసనకు కిటికీ మూసేవాళ్లం, ఉక్క పోస్తే తిట్టుకుంటూ తెరిచేవాళ్లం. చర్చికి వేసుకున్న తెల్లచొక్కా మీద నూనె మరకలు చూసి అక్క ఫోన్ చేసి నన్నే తిట్టేది, ఆయన్ను ఒక్క మాట అనేది కాదు. పలక సరిచూసుకోవడానికి నేను కాస్త ఆగితే, "నిద్రవోయినవా ఏంది?" అనేవాడు బావ. నాకు చిర్రెత్తుకొచ్చేది. అయినా నిజం చెప్పాలంటే, వారమంతా ఆ ఆదివారం కోసమే కాచుకుని ఉండేవాణ్ణి.

మొదటి బుడిపె పూర్తయింది. రెండోదాని కోసం కడ్డీని ఎటు తిప్పాలని అడిగాను.

"సీదా," అన్నాడు బావ.

మా టూల్‌రూమ్ భాషలో గడియారం ముల్లు తిరిగేది సీదా, దానికి ఎదురు ఉల్టా. ఉద్యోగమంతా ఆ రెండు మాటల మీదే నడిచింది. నేను సీదాగానే తిప్పాను. రెండో బుడిపె కూడా నున్నగా, ముద్దొచ్చేలా వచ్చింది. బావ దాన్ని బొటనవేలితో తడిమి తడిమి చూసుకున్నాడు.

ఇంజన్ బిగించి, పెట్రోలు పోసి, చక్రానికి తాడు చుట్టి లాగాను. ఒక తుమ్ము తుమ్మి ఊరుకుంది. ఎన్నిసార్లు లాగినా అదే తుమ్ము. కార్బురేటర్ విప్పి కడిగాను, స్పార్క్ చూశాను, అన్నీ బాగానే ఉన్నాయి. కోపం పట్టలేక తాడును గోడకేసి కొట్టాను. బావ వాల్వుల మీద రెండు వేళ్లు ఆనించి, చక్రం మెల్లగా తిప్పమన్నాడు.

"గాలి వాల్వ్ ముందు లేస్తున్నది రా. పొగది ఎనక లేస్తున్నది."

"సీదా తిప్పమంటివి, సీదానే తిప్పిన!"

"ఏ దిక్కెళ్లి సూసి తిప్పినవ్?"

నేను లేత్ రెండు కొసలూ మార్చి మార్చి చూశాను. గడియారాన్ని ముందు నుంచి చూస్తే ముల్లు సీదాగా పోతుంది. వెనక నుంచి చూస్తే అదే ముల్లు ఉల్టా పోతుంది. ఒకే కడ్డీకి చెరో కొసన కూర్చుని, ఎవరి సీదా వాళ్లు అనుకున్నాం. ఇద్దరికీ నవ్వొచ్చింది. చాలాసేపు నవ్వాం.

"ఏం పోయింది? ఇంకోటి చేద్దాం," అన్నాను.

"ఇగ నాతోని కాదు. మొన్నటిసంది నీ మొఖమే కనవడ్తలేదు," అన్నాడు బావ.

నాతో అప్పటిదాకా చెప్పలేదు. ఆ చేతి పనితనం చూసి చూసి కళ్ల సంగతి నేనే మరిచిపోయినట్టున్నాను. నాకు ఏడుపొచ్చింది. వినపడితే తిడతాడని కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాను.

"గట్ల నిలవడితే నడుస్తదా? తాడు ఉల్టా చుట్టు," అని వెనక నుంచి కేకేశాడు.

క్యామ్ ఉల్టా అయితే ఇంజన్‌నే ఉల్టా నడిపిద్దామని ఆయన లెక్క. అప్పుడు వాల్వుల వరస సరిపోతుంది. గేర్ల పళ్లు మార్చి కలిపి, స్పార్క్ కొంచెం జరిపి, తాడు ఎదురు చుట్టి లాగాను. అందుకుంది! టపటపమని గదంతా మోగింది. నేను చిన్నపిల్లాడిలా అరిచాను. బావ స్టూలు ముందుకు జరుపుకొని ఇంజన్ మీదికి వంగాడు.

"తిరుగుతున్నది బావా, సూడు!"

"సప్పుడు ఇనవడ్తున్నది. తిరుగుడు కనవడ్తలేదు రా. అంత మబ్బు లెక్కున్నది."

నేను పనిలో పడ్డాను. ఇంజన్ ముందు చిన్న రేకు ఫ్యాన్ ఒకటి ఉంది. పెట్రోలు మండే సిలిండర్ మీదికి గాలి విసిరి చల్లబరచాల్సింది అదే. ఉల్టా తిరుగుతోంది కనుక ఇప్పుడు గాలిని బయటికి విసురుతోంది. రెక్కలు వంచకపోతే సిలిండర్ మాడిపోతుందని ప్లయర్ తీసుకొని, ఇంజన్ ఆపబోయాను.

"ఆపకు," అన్నాడు బావ. కళ్లద్దాలు తీసేసి, మొహం ఫ్యాన్‌కు ఎదురుగా పెట్టి, కదలకుండా కూర్చున్నాడు. నుదుటి మీద ఆయన తెల్లవెంట్రుకలు అల్లాడుతున్నాయి.

"గాలి మొఖానికి కొడ్తున్నది రా. తిరుగుతున్నది. మస్తు తిరుగుతున్నది."

సిలిండర్ మాడితే మాడనీ అనుకొని, ప్లయర్ కింద పెట్టాను.