ఫీజు తగ్గినందుకు కృతజ్ఞతా కూడిక

ఫిబ్రవరి నెల, ఆదివారం సాయంత్రం, మెల్‌బోర్న్ శివారు వెర్రిబీలో మా బాబాయి ఇల్లు. హాజరైనవారు: బాబాయి, పిన్ని, వాళ్ళమ్మాయి, పాస్టర్ గారు, ఆయన వెంట సంఘం దాదాపు అంతా, నేను.

ఆ రోజుల్లో మా వాళ్ళకి శుభవార్త వస్తే అది నిజమో కాదో కనుక్కునే అలవాటు లేదు. వచ్చిందనగానే మటన్ తెచ్చేవారు. గుంటూరులో ఇంటర్ పాసై, ఇంజనీరింగ్ చదవడానికి మెల్‌బోర్న్ వచ్చి బాబాయి ఇంట్లో దిగాను. నాన్న పంపేది ఫీజుకి చాలేది కాదు. మిగతాది ఒక గ్రీకాయన చేపల వేపుడు, చిప్స్ కొట్లో బంగాళాదుంపలు చెక్కి సంపాదించాలి. అలాంటి సమయంలో, ఇంటర్ మార్కులు చూసి మొదటి ఏడాది లెక్కలు, ఫిజిక్స్ నాకు మినహాయించామని యూనివర్సిటీవాళ్ళు చెప్పారు. "ఎనిమిది సబ్జెక్టుల్లో రెండు పోతే పావు ఫీజు పోయినట్టేరా!" అన్నాడు బాబాయి. ఆ లెక్కన ఇక ఉద్యోగం అక్కర్లేదు. ఆదివారం పొద్దున్నే కొట్టుకి వెళ్ళి, యూనివర్సిటీ ఫీజు తగ్గించింది, రేపట్నుంచి రానని చెప్పేశాను. గ్రీకాయన చేతులు తుడుచుకుని "ఓకే మేట్" అన్నాడు, అంతే.

సాయంత్రం పిన్ని కూడిక పెట్టింది. "దీవెన దాచుకోకూడదురా, లేచి సాక్ష్యం చెప్పు," అంది. చెప్పాను. పావుతో మొదలైన తగ్గింపు, వెనక వరస ఆంటీల 'ఆమేన్'లు వింటూ వింటూ సగందాకా పెరిగింది. (డైరీలో మాత్రం పావు అనే రాశాను.)

"బాబూ, ఆ ఇంటర్ ఏదో మావాడు కూడా రాయొచ్చా? ఇయర్ ట్వెల్వ్‌లో ఉన్నాడు, సర్ఫింగ్ తప్ప ఏం చదవడు," అన్నాడొక అంకుల్.

"రెండేళ్ళు గుంటూరు పంపండి అంకుల్, హాస్టల్లో పడేస్తే వాళ్ళే చదివిస్తారు," అన్నాను, వైద్యుడు మందు రాసిచ్చినంత ధీమాగా. బిర్యానీ తింటున్న ఆ కుర్రాడు నావైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేను.

"అన్నయ్యా, డిడ్ ఎనీవన్ యాక్చువల్లీ సే ద ఫీ గోస్ డౌన్?" అంది బాబాయి కూతురు.

"కూడికలో ఇంగ్లిషేంటే! నోర్ముయ్," అని పిన్ని గదిమింది. (పాస్టర్ గారి ప్రార్థనలో సగం ఇంగ్లిషే.)

మర్నాడు పొద్దున తగ్గిన ఫీజు కట్టడానికి యూనివర్సిటీ ఆఫీసుకి వెళ్ళాను. కౌంటర్ దగ్గర ఉన్నావిడ ఓపిగ్గా వివరించింది: ఆ రెండూ నాకు వచ్చు గనక మళ్ళీ చదవక్కర్లేదు. వాటి బదులు వేరే రెండు చదవాలి. మొత్తం ఎనిమిదే, ఫీజూ అంతే.

"మరి నాకేం లాభం?" అన్నాను.

"కొత్తవి నేర్చుకుంటావు కదా, లవ్!" అందావిడ, అక్కడ అందర్నీ పిలిచినట్టే.

నిద్రలో రాసినా పాసయ్యే రెండు సబ్జెక్టులూ అలా నా చేయి జారిపోయాయి. సీట్లు ఖాళీగా ఉన్నవి రెండే: గొర్రెల పోషణ, ద్రాక్షసారా తయారీ. రెండింట్లోనూ చేరి పిన్నికి ఫోన్ చేశాను. రెండో సబ్జెక్టు పేరు పిన్ని రెండుసార్లు చెప్పించుకుంది.

"పాస్టర్ గారికి గొర్రెల సంగతే చెప్పు," అంది చివరికి.

"మరి ఫీజు సంగతి, పిన్నీ?"

"చెప్పిన సాక్ష్యం వెనక్కి తీసుకోవడం మన సంఘంలో లేదు నాన్నా."

తలొంచుకుని కొట్టుకి వెళ్ళాను. గ్రీకాయన ఏమీ అడగకుండా ఏప్రన్ నా చేతికిచ్చి, దుంపల బస్తా చూపించాడు. నా బదులు ఎవర్నీ పెట్టుకోలేదా అన్నాను.

"యూనివర్సిటీ డబ్బు వదులుకుంటుందని నువ్వు నమ్మావు, మేట్. నేను నమ్మలేదు," అన్నాడు.

సిగ్గుతో చెక్కడం మొదలుపెట్టాను. అయితే ఆ సిగ్గు మూడో దుంప దాకా కూడా నిలవలేదు. ద్రాక్షసారా పాసైతే వచ్చే ఏడాది కెమిస్ట్రీకి మినహాయింపు వస్తుందేమో, అప్పుడైనా ఫీజు తగ్గకపోతుందా అని మనసులో అప్పుడే లెక్కలు వేస్తున్నాడు, నాలోని ఆ పిచ్చి కుర్రాడు.