చౌదా నంబర్, ఉన్నవా?

దయ్యాలు, ఆత్మలు అనే మాటలు మా ఇంట్లో నడవవు. మాది జోగిపేట దగ్గర పల్లె, ఆదివారం చర్చి తప్పని కుటుంబం. నేను పెద్ద భక్తిపరుణ్ని కాకపోయినా, ఎవరైనా దయ్యం కథ మొదలుపెడితే టీ గ్లాసు పట్టుకుని పక్కకు వెళ్లిపోయే రకం. ఇప్పుడు చెప్పేది కూడా దయ్యం కథ కాదు. ఇందులో చనిపోయినవాళ్లు ఎవరూ లేరు. అయినా రెండేళ్లుగా ఇది నన్ను వదలడం లేదు.

పటాన్‌చెరు దగ్గర ఒక మందుల కంపెనీ కోల్డ్ స్టోర్‌లో పని చేస్తాను. లోపల మైనస్ ఇరవై డిగ్రీలు. గోదాము అంత గది, వరసగా ర్యాకులు, పైన చల్లగాలి కొట్టే బ్లోయర్లు. వాటి హోరులో పక్క మనిషి మాట కూడా సరిగ్గా వినపడదు.

అక్కడ రెండు నియమాలు ఉన్నాయి. లోపలికి వెళ్లేవాడు తన నంబరున్న ఇత్తడి బిళ్లను తలుపు పక్కన బోర్డుకు తగిలించి వెళ్లాలి. బయటికి వచ్చాక తన బిళ్ల తనే తీయాలి, ఇంకొకరు ముట్టకూడదు. బోర్డు మీద ఒక్క బిళ్ల ఉన్నా తలుపుకు తాళం వేయరు. రెండోది, లోపల ఒకడుంటే బయట ఒకడు ఉండాలి. బయటివాడు పది నిమిషాలకోసారి తలుపు తెరిచి నంబరు పెట్టి పిలవాలి, లోపలివాడు పలకాలి.

నా జోడీ ఖాజా భాయ్. యాభై దాటిన మనిషి, సంగారెడ్డి నుంచి వచ్చేవాడు. నాకు పని నేర్పింది ఆయనే. నా బిళ్ల నంబరు పద్నాలుగు. ఆయన తలుపు తెరిచి "చౌదా నంబర్, ఉన్నవా?" అని అరుస్తాడు. నేను "ఉన్న భాయ్" అంటాను. తొమ్మిదేళ్లు ఇదే వరస. మా ఆవిడ నన్ను పేరు పెట్టి పిలిచిన దానికన్నా ఆ పిలుపే ఎక్కువసార్లు విని ఉంటాను.

మొదటి రోజే ఆయన ఒక మాట చెప్పాడు. "చలి పెడితే భయం లేదు సుందర్. వెచ్చగ అనిపించిందనుకో, జల్దీ బయటికి ఉరుకు. ఇగ ఆగొద్దు."

రెండేళ్ల కింద చలికాలంలో మా ల్యాబ్‌వాళ్లు ఆరుగురు ఉత్తరాఖండ్‌లో మంచుకొండ ఎక్కడానికి బయలుదేరారు. చివర్లో ఒకతను ఆగిపోతే ఆ సీటు నాకిస్తామన్నారు. "రోజూ మైనస్ ఇరవైల ఉంటవ్, నీకు మంచు ఒక లెక్కనా సుందరన్నా" అన్నారు. నేను ఆ మాటకు ఉబ్బిపోయాను. మైనస్ ఇరవై ఎక్కడైనా మైనస్ ఇరవయ్యే కదా అనుకున్నాను. మేము అరగంటకోసారి బయటికొచ్చి వేడి టీ తాగుతామని, కొండ మీద తలుపు ఉండదని నా బుర్రకు తట్టలేదు.

బయలుదేరే ముందు నా బిళ్లను కంపెనీలోనే నా లాకర్‌లో పెట్టి తాళం వేశాను. తాళంచెవి నా బ్యాగులోనే ఉంది. ఈ సంగతి గుర్తుంచుకోండి.

శిఖరం చేరేసరికి పదకొండు దాటింది. దిగుతుంటే మబ్బు కమ్మి మంచు పడడం మొదలైంది. జారకుండా బూటుకు కట్టుకున్న ఇనుప పళ్ల పట్టీ ఊడితే సరిచేసుకోవడానికి ఆగాను. గైడ్‌తో పాటు ముందు నడుస్తున్న మావాళ్లను ఆగమనలేదు. వాళ్లందరిలో పెద్దవాణ్ని, మంచులోనే పుట్టినవాణ్నన్నట్టు నన్ను పొగిడారు, ఇప్పుడు ఆగమంటే నామోషీ అనిపించింది. పట్టీ కట్టుకుని తలెత్తేసరికి ఎవరూ లేరు. అడుగుల గుర్తులు కూడా పూడిపోతున్నాయి. ఫోన్ చూశాను. పన్నెండూ నలభై. సిగ్నల్ లేదు.

కాసేపు నడిచాను, ఎటు నడిచానో తెలియదు. అరిచాను. చివరికి ఓపిక లేక కూర్చున్నాను. కొంతసేపటికి వణుకు ఆగిపోయి ఒళ్లు వెచ్చబడింది. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. జాకెట్ జిప్పు సగం దించాను. ఆ వెచ్చదనం అంటే ఏమిటో నాకు తెలుసు. తెలిసి కూడా లేవబుద్ధి కాలేదు. ఏడేళ్ల మా పాప గుర్తొచ్చింది, అదీ ఎవరో వేరేవాళ్ల పిల్ల గుర్తొచ్చినట్టు. ఇప్పుడు తలుచుకుంటే అన్నిటికన్నా నాకు అదే భయం.

అప్పుడు వినపడింది. "చౌదా నంబర్, ఉన్నవా?"

నాతో వచ్చినవాళ్లెవరూ నన్ను అలా పిలవరు. గైడ్‌కు తెలుగే రాదు. అలవాటు కొద్దీ నా నోరు దానంతటదే "ఉన్న భాయ్" అంది. వెంటనే ఎడమ చెంపకు వెచ్చటి గాలి తగిలింది. కొంచెం చెమ్మ, కొంచెం లారీల డీజిల్ వాసన. కోల్డ్ స్టోర్ తలుపు తెరిస్తే లోపలివాడికి తగిలే గాలి అది. తలుపు తెరవగానే కమ్మే పొగమంచులో గుమ్మం కనపడకపోయినా, ఆ గాలిని బట్టే ఎటు వెళ్లాలో మాకు తెలుస్తుంది.

లేచి అటు నడిచాను. పిలుపు వినపడితే పలికాను, నడిచాను. వినపడకపోతే ఆగాను. ఎన్నిసార్లు పలికానో లెక్క లేదు. చివరికి కింద గుడారాలు కనిపించాయి. నన్ను వెతకడానికి బయలుదేరుతున్న గైడ్ పరుగెత్తుకొచ్చాడు. అప్పుడు టైము మూడుంపావు. నేను వచ్చిన వైపు అసలు దారే లేదని, ఎలా దిగావని హిందీలో మళ్లీ మళ్లీ అడిగాడు. నా ఎడమచేతి చిటికెన వేలి కొన పోయింది. అంతటితో బయటపడ్డాను.

మర్నాడు సాయంత్రం కింది ఊళ్లో సిగ్నల్ దొరికింది. ఇంటికి ఫోన్ చేసి మాట్లాడి, తర్వాత ఖాజా భాయ్‌కి చేశాను. నేను నోరు తెరవకముందే ఆయన అడిగాడు. "బయటికొచ్చినవా?"

ఆయన చెప్పింది ఇదీ. ముందురోజు మధ్యాహ్నం అన్నం తిని వచ్చేసరికి బోర్డు మీద పద్నాలుగో బిళ్ల వేలాడుతోంది. నేను సెలవులో ఉన్నానని తెలుసు కాబట్టి ఎవరో ఆట పట్టిస్తున్నారనుకున్నాడు. అయినా నియమం కదా, తలుపు తెరిచి పిలిచాడు. లోపలి నుంచి నా గొంతు పలికింది. వెళ్లి ర్యాకులన్నీ వెతికాడు, ఎవరూ లేరు. బయటికొచ్చి పిలిస్తే మళ్లీ పలికింది.

"మనిషి పలుకుతుంటే తలుపెట్ల మూస్త? నువ్వే చెప్పు" అన్నాడు.

తలుపు బార్లా తెరిచి, అలారం మోగితే నొక్కి ఆపి, గుమ్మంలో కుర్చీ వేసుకుని పిలుస్తూ కూర్చున్నాడట. మూడు దాటాక తల తిప్పి చూస్తే కొక్కేనికి బిళ్ల లేదు. అప్పుడు తలుపు మూశాడు.

గదిలో డిగ్రీలను కాగితం మీద గీసే మిషన్ ఒకటి ఉంది. ఆ కాగితం నేను కళ్లారా చూశాను. ఒంటిగంటా ఇరవైకి గీత పైకి లేచింది. మూడుంపావుకు దిగడం మొదలుపెట్టింది. మైనస్ ఇరవై నుంచి మైనస్ నాలుగు దాకా వెళ్లింది. నా లాకర్ తెరిచి చూస్తే బిళ్ల నేను పెట్టిన చోటే ఉంది.

లోపలి సరుకు పాడైంది. విచారణ పెట్టారు. కారణం అనే గడిలో ఖాజా భాయ్ "లోపల మనిషి ఉండె" అని రాయించాడు. బిళ్లను చూసినవాళ్లు ఇంకెవరూ లేరు. నన్ను పిలిచారు. వేలికి కట్టుతో వెళ్లాను. పర్మనెంట్ చేసేవాళ్ల జాబితాలో నా పేరుందని అప్పటికే నా చెవిన పడింది. ఖాజా భాయ్ గోడవారగా నిలబడి ఉన్నాడు.

మేనేజర్ నన్ను ఒకటే అడిగాడు. "ఆ రోజు నువ్వు లోపట ఉన్నవా, లేవా? ఒక్క ముక్కల చెప్పు."

కొండ మీద జరిగింది చెప్పాలనే వెళ్లాను. చెబితే పిచ్చోడంటారని, జాబితాలో పేరు కొట్టేస్తారని భయపడ్డాను.

"లేను సార్" అన్నాను. కాగితం మీద సంతకం కూడా పెట్టాను.

అది అబద్ధం కాదు. అలాగని నిజమని కూడా అనుకోలేకపోతున్నాను. ఖాజా భాయ్ నా వైపు చూడలేదు. ఆయన కాంట్రాక్టు మనిషి. మర్నాటి నుంచి రావద్దన్నారు.

ఇప్పుడు సుల్తాన్‌పూర్‌లో ఒక గేటు దగ్గర వాచ్‌మన్‌గా ఉన్నాడు. మొన్న రుద్రారంలో బస్సు కోసం నిలబడి కనిపించాడు. దగ్గరికి వెళ్లాను. తప్పు చేశాను భాయ్ అనాల్సింది, బస్సు సంగతి అడిగాను. ఆయనే నా ఎడమచేయి పట్టుకుని, కొన లేని వేలిని తడిమి చూశాడు.

"పరేషాన్ గాకు. ఉన్నవ్ గద, సాలు" అన్నాడు. బస్సు రాగానే ఎక్కి వెళ్లిపోయాడు.

తాళం వేసిన లాకర్‌లోని బిళ్ల బోర్డు మీదికి ఎలా వచ్చిందో, పటాన్‌చెరులో పిలిస్తే నాకు అంత దూరాన ఎలా వినపడిందో ఈ రోజుకీ నాకు తెలియదు. నేను పర్మనెంట్ అయ్యాను. కొత్త జోడీ వచ్చాడు. తలుపు తెరిచి వాడు కూడా నంబరు పెట్టి పిలుస్తాడు. "ఉన్న" అనాలంటే ప్రతిసారీ నాకు సిగ్గేస్తుంది.