డేరాలో తాత వేసిన కేక

ఇన్నాళ్లూ ఇది రాయకపోవడానికి కారణం ఒక్కటే, నాకు రాయడం రాదు. బడికి వెళ్లాల్సిన వయసులో అమ్మ ఊడ్పులకు వెళ్తే చంటి తమ్ముడు నా చంకలో ఉండేవాడు. బడి గుమ్మం దగ్గర నిలబడి పాఠం విందామంటే వాడు ఏడ్చేవాడు, పంతులుగారు పొమ్మనేవారు. తరువాత పెళ్లి, పొలం, పిల్లలు. మనవలు పుట్టాక మా వీధిలో పెద్దవాళ్లకు సాయంత్రం బడి పెడితే అక్కడ అక్షరాలు దిద్దాను.

మొన్న మా మనవరాలు టీవీలో పిల్లల కథ చూస్తోంది. జపాను దేశపు సమురాయ్ వీరులట. ఒకడు గాల్లో గిరికీలు కొడుతూ గుంపునంతా పడగొట్టాడు. ఆఖర్న కత్తి ఒరలో పెట్టి, ఓడినవాడికి తల వంచాడు. "అమ్మమ్మా, నిజంగా అలాగే ఉంటారా?" అంది. జపాను సంగతి నాకేం తెలుసు? కాని ఆ తల వంచడం చూడగానే మా తాత గుర్తొచ్చాడు. నా చిన్నప్పుడు మా ఊరిని కూడా ఇదే ప్రశ్న పట్టుకుంది.

అవి అరవైల చివరి సంవత్సరాలు. మాది ఎచ్చెర్ల దగ్గర పల్లె. మా అమ్మ తండ్రి, అంటే మా తాత, గరిడీ నడిపేవాడు. గరిడీ అంటే కర్రసాము, కత్తిసాము నేర్పే చోటు. ఒక తాటాకు పాక, దాని ముందు మెత్తగా తవ్విన మట్టి, అంతే. పొద్దున్నే ఆ మట్టి మీద నీళ్లు జల్లడం నా పని. ఆడపిల్లలకు సాము నేర్పేవారు కాదు గాని, పాక అరుగు మీద కూర్చుని చూడనిచ్చేవారు.

అక్కడ ఒక కట్టుబాటు ఉండేది. ఎవరి చేతిలోంచి కర్ర జారినా తాత "దించండ్రా!" అని కేక వేసేవాడు. ఆ జత ఒక్కటే కాదు, అందరూ కర్రలు దించి, వంగి నేల తాకాలి. పడగొట్టినవాడే ఆ కర్ర తీసి, కళ్లకద్దుకుని, పోగొట్టుకున్నవాడి చేతికివ్వాలి. అప్పుడే మళ్లీ ఆట.

ఆ ఎండాకాలం ఊరి బయట డేరా సినిమా దిగింది. వేసేవన్నీ కత్తి సినిమాలు. కుర్రాళ్లు గరిడీ మానేసి, కాలవ గట్టు మీద ఈతకమ్మలతో ఎగిరెగిరి కొట్టుకోవడం మొదలుపెట్టారు. వాళ్లకు నాయకుడు మా మావయ్య కొడుకు, నాకు బావ. ఒకరోజు తాత అతన్ని వీధిలో ఆపాడు.

"ఏట్రా, గరిడీకి రావట్లేదు? కాళ్లు పడిపోనాయా?"

"ఏడాది బట్టి కాళ్లు ఎక్కడెట్టాలో అదే సెప్తన్నావు తాతా. డేరాలో ఆడు ఒక్క గెంతుకి మేడెక్కేస్తన్నాడు."

"ఆడికి మేడున్నాది, ఎక్కుతాడు. నీకున్నాది పాక. ఎక్కితే కూలిపోతాది."

వీధంతా నవ్వింది. ఇంటికొచ్చాక మాత్రం తాత అమ్మతో మెల్లగా అన్నాడు. "డేరా ఎత్తీసేదాకా సూస్తాను. ఎవుడూ రాకపోతే పాక ఇప్పేసి, కర్రలు పొయ్యిలోకి ఇచ్చేస్తాను." ఆ గరిడీ ఆయన తండ్రి నాటిది.

డేరాలో కొత్త బొమ్మ వేసిన రోజు, మొదటి ఆటకు తాత నన్ను బయల్దేరదీశాడు. "ఒలే గుంటా, పద. మనల్ని గెలిసినోడెవుడో సూసొద్దాం."

ఇసకలో కూర్చున్నాం. తెర మీద మనిషి ముఖం మా పాకంత ఉంది. అతను కత్తి తిప్పితే ఆ వెలుగు జనం ముఖాల మీంచి పాకి వెళ్తోంది. నేను నోరు తెరుచుకుని ఉండిపోయాను. పక్కన తాత గొణుగుతూనే ఉన్నాడు. "మడమ లేపీసినాడు... డొక్క ఇడిసీసినాడు... ఈపాటికి సచ్చిపోవాల."

ఇంతలో పగవాడి కత్తి ఎగిరి కింద పడింది. వీరుడు తన కత్తి పైకెత్తాడు. తాత దిగ్గున లేచి నిలబడ్డాడు.

"దించండ్రా!"

డేరాలో అక్కడొకడు ఇక్కడొకడుగా కూర్చున్న మా కుర్రాళ్లు, ఎక్కడివాళ్లక్కడే వంగి ఇసక తాకారు. అందరికంటే ముందు బావ. డేరా అంతా గొల్లున నవ్వింది. "ఓ తాతా, అది బొమ్మ! కూకో!" అని ఎవరో అరిచారు.

ఆ నవ్వు ఆగకముందే తెర మీద ఎత్తిన చెయ్యి ఆగింది. కత్తి మెల్లగా దిగింది. వీరుడు వంగి, పడిన కత్తిని తీసి, పిడి ముందుకు పెట్టి పగవాడికి అందించాడు.

నవ్వు తెగిపోయింది. జనమంతా తెర వదిలేసి తాతని చూశారు. మా తాత మాటకు ఆ వెలుగు మనిషి కూడా లొంగాడని నేను నమ్మాను. సినిమా ఏ ఆటకైనా అంతేనని తరువాత తెలిసింది. అయినా ఆ ఆశ్చర్యం నాలో ఇప్పటికీ తగ్గలేదు. ఎక్కడో, మమ్మల్ని ఎన్నడూ చూడనివాళ్లు, వినోదానికి తీసిన బొమ్మలో మా గరిడీ కట్టుబాటు పెట్టారు.

దారిలో తాతని అడిగాను, అదంతా నిజమేనా అని.

"గెంతులు అబద్దం. ఒక్కడు అంతమందిని కొట్టడం అబద్దం. ఆ దించడం మాత్రం నిజవేనే. ఎవుడో గరిడీలో పుట్టినోడే సెప్పుంటాడు." కుర్రాళ్లు దూరంగా వెనక నడుస్తున్నారు గాని, ఒక్కడూ దగ్గరికి రాలేదు. తాత కూడా పిలవలేదు.

మర్నాడు పొద్దున్నే మట్టి మీద నీళ్లు జల్లాను. తాత అరుగు మీద కూర్చున్నాడు. ఎవరూ రాలేదు. బిందె అక్కడే దించి కాలవ గట్టుకు పరుగెత్తాను. అందరూ ఉత్త చేతులతో కూర్చుని ఉన్నారు.

"నవ్వినారని సిగ్గా బావా?"

"సిగ్గేటి? తాత మొకం ఎలగ సూడాలో తెలీక."

"మట్టి తడిపీసినాను. ఎండొస్తే ఆరిపోతాది," అని బావ చెయ్యి పట్టుకుని లేపి, గరిడీ దాకా లాక్కొచ్చాను. మిగతావాళ్లు మా వెనకే వచ్చారు.