గేటు బయట మహబూబ్బీ

సౌదీలో, ఖోబర్‌లోని అజీజియాలో మేం పనిచేసే ఇంట్లో మహబూబ్బీ నోటికి పెద్ద మేడమ్ కూడా జంకుతుంది. కూరలో ఉప్పు తక్కువైందంటే గరిటె వాళ్ళ చేతికే ఇచ్చేస్తుంది. ఇక డ్రైవర్ని, నేనెంత? ఆమెది హిందూపురం. భర్త హాయిల్ గోధుమ పొలాల్లో పనికొచ్చి, అక్కడే చనిపోయి, అక్కడి మట్టిలోనే కలిశాడు. ఆ చోటు కళ్ళారా చూడాలనే ఆమె వంటమనిషిగా ఈ దేశం వచ్చింది.

అలాంటి మనిషి వంట కూడా మరిచి నిలబడిపోవడం ఒకసారి చూశాను. అమెరికాలో కట్టడాల చదువు చదివొచ్చిన చిన్న మేడమ్, వాషింగ్టన్‌లోని నల్లరాతి గోడ వీడియో హాల్లో టీవీ మీద చూపించింది. దాని నిండా వియత్నాం యుద్ధంలో పోయిన అమెరికా వాళ్ళ పేర్లు, యాభై ఎనిమిది వేలకు పైనే. హోదాలు లేవు. ఎవరు ముందు పోతే వాళ్ళ పేరు ముందు. నున్నటి రాయి కదా, చూడవచ్చిన వాళ్ళ మొహాలు ఆ పేర్ల మధ్యే కనబడుతున్నాయి. ఒక ముసలమ్మ అక్కడి ఒక పేరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దుతుంటే అక్షరాలు కాగితం మీదికి లేచొస్తున్నాయి.

ఆ రాయి బెంగళూరు వైపు నుంచి పోయిందని చిన్న మేడమ్ చెప్పింది. మహబూబ్బీ టీవీ దగ్గరికెళ్ళి ఆ గోడని వేలితో తడిమింది.

"మా ఊరి పక్కనించే పోయిందంటబ్బీ! మన దిక్కు రాయి మింద అంతమంది పేర్లా!"

ఈద్‌కి ఇంటివాళ్ళు హాయిల్‌లో బంధువుల దగ్గరికి వెళ్తూ మమ్మల్నీ తీసుకెళ్ళారు. సెలవడిగి, ఆమె భర్తను పూడ్చిన ఖబరస్తాన్ దగ్గరికి ఆమెను తీసుకుపోయాను. గేటు దగ్గర బురఖాలోంచి కాగితం, పెన్సిలు తీసింది.

"ఆడోళ్ళను పోనీరు గదా. నువ్వు పొయ్యి ఆయన రాయి మింద రుద్దుకోని రా."

ఇక్కడ సమాధుల మీద పేర్లు రాయరని నాకు తెలుసు. ఆమె మొహం చూసి చెప్పలేక లోపలికి వెళ్ళాను. కనుచూపు మేరా మట్టి దిబ్బలు, తల దగ్గర ఒక్కో మొరటు రాయి. షేక్ ఎవరో కూలీ ఎవరో ఆ దేవుడికే తెలియాలి. టీవీలో చూసిన ఆ గోడ మీద లాగే ఇక్కడా హోదాల్లేవు. ఉత్త కాగితంతో తిరిగొచ్చాను.

"యాడా పేరు లేదక్కా. ఏది ఆయనదో తెలీదు."

ఏడుస్తూ కూలబడుతుందనుకున్నాను. కళ్ళు తుడుచుకుని, కాగితం మళ్ళీ నా చేతికే ఇచ్చింది.

"ఏదో ఒగదాని మింద రుద్దుకోని రా పో."

దగ్గర్లో ఉన్న రాయి మీద రుద్దాను. గరుకు తప్ప ఏమీ రాలేదు. అదే తెచ్చి ఇచ్చాను. ఆమె దాన్ని కళ్ళకద్దుకుంది.

"ఇది ఆయనది కాకపోవచ్చక్కా," అన్నాను.

"కాకుంటేనేం? ఈయప్ప పెండ్లాము గూడా యాడో గేటు బయటే నిలబడుకోనుంటాది. ఆయమ్మ తరపున నేను చూస్తా. మా ఆయనను ఇంగెవరన్నా చూడకపోతారా?"