కార్డు నిండా పేర్లు

మా ఊరు జహీరాబాద్‌కు బస్సులో అరగంట. డెబ్బైల చివర్లో సర్కారు మా పంచాయతీ ఆఫీసుకు ఒక రేడియో ఇచ్చింది. రైతులంతా కలిసి కూర్చుని వినాలి, అనుమానముంటే పోస్టుకార్డు రాయాలి, జవాబు రేడియోలో చెబుతారు. వినేవాళ్లకు ఒక సంఘం, సంఘానికి ఒక కార్యదర్శి. చేతిరాత బాగుంటుందని ఆ పదవి నాకు అంటగట్టారు. ఇప్పుడు అంటగట్టారంటున్నాను గానీ, అప్పుడు తెగ మురిసిపోయాను.

మొదటి కార్డుతోనే ఒక రివాజు పడిపోయింది. ముందు రేడియోలోని పెద్దలందరికీ నమస్కారాలు. తర్వాత మా సంఘంలోని పద్దెనిమిది మంది పేర్లు, వయసులో పెద్దవారితో మొదలుపెట్టి. ఒక్క పేరు తప్పినా ఆ మనిషి నెల రోజులు నాతో మాట్లాడడు. రేడియోలో పేరు వినబడితే ఆ ఇంట్లో పండగే. ఇక ప్రశ్నకు మిగిలేది అడుగున వరుసో, రెండు వరుసలో. అప్పుడప్పుడు సంఘాన్ని చూడటానికి వచ్చే సర్కారు ఆఫీసరు కూడా "ఈ నెల ఎన్ని కార్డులు పంపిన్రు?" అని అడిగి రాసుకునేవాడు. వాటిలో ఏముందో ఎన్నడూ అడగలేదు.

ఆ ఏడు మా అన్న అల్లం పెట్టాడు. నాయన పోయాక ఇల్లు నడిపింది ఆయనే. ఆ పంట పోతే ఊరు విడిచి కూలికి పోవడమేనని ఇంట్లో అందరికీ తెలుసు. వానలు మధ్యలో ఎత్తేశాయి, ఆకులు పసుపెక్కడం మొదలైంది. అన్న కాళ్ల బురదైనా కడుక్కోకుండా నా దగ్గరికి వచ్చాడు.

"తమ్మీ, జర మంచిగ రాయి. ఆకులు పసుపుగైతున్నయి, మొక్కల మొదళ్లు మెత్తగై కంపు కొడ్తున్నదని రాయి. నీళ్లు పెట్టాల్నా, బంద్ చెయ్యాల్నా? గదొక్కటి చెప్తే చాలు."

కార్డు పట్టుకుని కూర్చున్నాను. చుట్టూ సంఘం. "నా పేరు మర్వకు తమ్మీ" అని ఒకరు, "నాది సాఫ్‌గ రాయి" అని ఇంకొకరు. పేర్లు ముగిసేసరికి ఒక్క వరుస మిగిలింది. 'అల్లం ఆకులు పసుపెక్కుచున్నవి, ఏమి చేయవలెను?' అని రాశాను. కంపు సంగతికి చోటు లేదు. ఇంకో కార్డు రాయొచ్చు కదా? ఆ మాట నన్ను నేను ఎన్నిసార్లు అడుక్కున్నానో. మధ్యాహ్నం బస్సుకు జహీరాబాద్ పోయి, కార్డు డబ్బాలో వేసి, ఏదో ఘనకార్యం చేసినట్టు చాయ్ తాగి వచ్చాను.

పన్నెండు రోజులు గడిచాయి. ప్రతి సాయంత్రం అన్న అందరికంటే ముందొచ్చి రేడియో ముందు కూర్చునేవాడు. సర్కారు చెప్పేదాకా చేనులో చెయ్యి పెట్టనన్నాడు. ఆకుల పసుపు రంగు మడి నుంచి మడికి పాకుతోంది. ఆయనకు అన్నం సయించడం లేదు, నాకు ఆయన ముఖం చూడాలంటే భయం.

చివరికి మా కార్డు చదివారు. పద్దెనిమిది పేర్లూ చదివారు. ఆఫీసంతా చప్పట్లు. తర్వాత జవాబు వచ్చింది: తేమ, బలం తక్కువైతే ఆకులు పసుపెక్కుతాయి, నీళ్లు పెట్టి యూరియా వేయండి. నేను రాసినదానికి అది సరైన జవాబే. కంపు సంగతి రాసి ఉంటే అది కుళ్లని, నీళ్లు ఆపమని చెప్పేవారు. అన్న ఆ చప్పట్ల మధ్య నుంచే లేచి, చెప్పులైనా తొడుక్కోకుండా బాయి దగ్గరికి పరుగెత్తాడు. నేను ఆపలేదు. సర్కారుకు తెలియదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

వారంలో మడులన్నీ కుళ్లిపోయాయి. నేను పోయేసరికి అన్న వంగి మొక్కలు పీకుతున్నాడు. పట్టుకుంటే చాలు, ఊడి చేతికొస్తున్నాయి. దుంప వేళ్ల మధ్య నుంచి జారిపోతోంది. ఆయన ఏడవలేదు, నేనే ఏడ్చాను.

"కంపు కొడ్తున్నదని రాసినవు గద తమ్మీ?" అన్నాడు తలెత్తకుండా.

"రాసిన అన్నా" అన్నాను.

"మరి గట్లెట్ల జెప్పిన్రు వాళ్లు" అంటూ ఇంకో మొక్క పీకాడు.